జానెడు ఎత్తులో క్షిపణి

“రేవులో శత్రువుల మనిషి క్రేన్ ఆపరేటరే. మన ఇన్ఫార్మర్ చెప్పింది,” అన్నాడు చీఫ్. “ఇవాళ జలాంతర్గామిలోకి ఎక్కించే క్షిపణిని దాని మీదే పడేస్తారు. చూసేవాళ్లకి ప్రమాదంలా ఉంటుంది.”

గోరింక కుర్చీలోంచి లేచింది. సీక్రెట్ సర్వీసులో ఆమె పేరు అదే.

“ఆ ఆపరేటర్ మా అక్క సార్.”

“తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకో. నేను ‘వాన’ అని కోడ్ మాట చెప్పేదాకా క్షిపణిని ఎత్తే పని ఆపకు.”

“మా అక్క అలాంటిది కాదు.”

“నిరూపించు.”

గోరింకకు ఒళ్లు మండింది. మారువేషం మాత్రం సుళువు: రక్షణ శాఖ సేఫ్టీ ఇంజనీర్. అక్క దృష్టిలో ఆమె ఎప్పుడూ అదే, క్రేన్లకు వంకలు పెట్టి బతికే చెల్లెలు.

రేవులో ఆమె తాడు చూసింది, హుక్ చూసింది. హుక్‌కి బరువును తగిలించే షాకిల్ అనే ఉక్కు కడియాన్ని మరీ మరీ చూసి, దాని మీదా దాన్ని బిగించే పిన్ను మీదా లిప్‌స్టిక్‌తో ఒక గీత గీసింది. ఆ గీత మామూలు కళ్లకు కనబడదు. ఆమె కళ్లజోడులోంచి చూస్తే పచ్చగా మెరుస్తుంది.

“అంత కష్టపడకండి డియర్. సామాను మా కంపెనీది,” అంది వెనకనుంచి ఒక తీయని గొంతు. ఎర్ర హైహీల్స్, నల్ల కళ్లద్దాలు, మనిషి కన్నా ముందొచ్చే సెంటు. చీఫ్ నమ్ముకున్న ఇన్ఫార్మర్ ఈమే. సర్వీసులో అందరూ పరిమళం అంటారు. “కాఫీ తాగుదాం రండి. మీ అక్క గురించి ఒక మాట చెప్పాలి.”

అక్క పేరెత్తగానే గోరింక ముందూ వెనకా చూడకుండా వెళ్లింది. కాఫీ చల్లారింది గానీ మాట రాలేదు. తనను కావాలనే పక్కకు తప్పించారని తట్టి పరుగెత్తుకొచ్చేసరికి క్షిపణిని ఎత్తడం మొదలైపోయింది.

అక్క తన అలవాటు ప్రకారం, బరువు ఆగుతుందో లేదో చూడటానికి, క్షిపణిని ట్రాలీ మీంచి జానెడు ఎత్తి ఆపింది. గోరింక కళ్లజోడు సర్దుకుంది. షాకిల్ మీద పచ్చ గీత లేదు.

“షాకిల్ మార్చేశారు. ఆపుతున్నా,” అంది చెవిలోని రేడియోతో.

“వద్దు! మీ అక్క బండారం బయటపడనీ,” అన్నాడు చీఫ్ రేడియోలో.

“షాకిల్ విరిగితే క్రేన్ తూలుతుంది. క్యాబిన్‌లో మా అక్క ఉంది!”

“ఇది ఆర్డర్!”

గోరింక రేడియోను పీకి నీళ్లలోకి విసిరింది. హెల్మెట్ ఎగిరిపడినా చూసుకోకుండా పరుగెత్తి, రెండు చేతులూ బారచాచి ఊపింది. ఆపమని సైగ.

పక్కకు తిరగబోయిన క్రేన్ ఠక్కున ఆగింది.

కింద పసుపు చొక్కా వేసుకుని క్రేన్‌కు సైగలిచ్చే సిగ్నల్‌మన్ ముఖం మాడ్చుకుని, జలాంతర్గామి వైపు తిప్పమని చెయ్యి ఊపాడు. క్రేన్ కదల్లేదు. మళ్లీ ఊపాడు.

క్యాబిన్ మైకులో అక్క గొంతు ఖంగుమంది. “తిప్పమనేది నువ్వొక్కడివే గానీ, ఆపమని ఎవరన్నా ఆపుతాం! అదయినా తెలీని నీకు ఆ చొక్కా ఎవడిచ్చాడయ్యా?”

రేవంతా అతనివైపు తిరిగింది. అతను పరుగు లంకించుకున్నాడు. గోరింక తాడొకటి అందుకుని అతని కాళ్లకు అడ్డం వేసింది. దబ్బున పడ్డాడు. జేబులోంచి అసలు షాకిల్ పిన్ను దొర్లి, ఆమె కళ్లజోడులో పచ్చ గీత మెరిసింది.

“అక్కా, దించు! మెల్లిగా!”

క్షిపణి ట్రాలీకి తాకింది. ఆ మరుక్షణమే దొంగ షాకిల్ ఫెళ్లున విరిగింది.

అక్క సైరన్ మోగించింది. సైరన్ మోగితే రేవు గేట్లు మూసేస్తారు. పారిపోబోయిన పరిమళం కారు గేటు దగ్గరే ఇరుక్కుంది.

“నేను మీ మనిషినే,” అంది ఆమె, కారు అద్దం దించి.

“షాకిల్ మార్చేదాకా నాకు ఆ కాఫీ ఎవరి మనిషిగా ఇప్పించావో లోపల చెబుదువు గాని, దిగు!” అంది గోరింక.

చీఫ్ రుసరుసలాడుతూ వచ్చాడు. “ఆర్డర్ ధిక్కరించావు!”

“ధిక్కరించాను. అక్కడ మా అక్క ఉన్నా, ఇంకొకరి అక్క ఉన్నా మళ్లీ ధిక్కరిస్తాను.”

అప్పటికి అక్క నిచ్చెన దిగి వచ్చింది. చెల్లెల్ని గట్టిగా పట్టుకుని, తర్వాత నెత్తిన ఒక్కటిచ్చింది. “హెల్మెట్ ఏదే? నువ్వు సేఫ్టీ ఇంజనీరువా? ఎవరే ఈ పెద్దమనిషి?”

“మా ఆఫీసరు.”

“ఆయనకీ లేదు హెల్మెట్! అయ్యా, ఆ పసుపు గీత అవతలికి నడవండి. తిట్టేదేదో అక్కణ్నుంచి తిట్టండి.”

చీఫ్ గీత అవతలికి నడిచాడు. దేశ రహస్యాలను అంత దూరం నుంచి అరవడం కుదరక, గోరింకను ఆ పూటకు క్షమించేశాడు.