ఐదో మంచం నిట్టూర్పు

మా ఐసీయూలో నాలుగో మంచం లేదు. మూడు తర్వాత ఐదే. మా భాషలో 'నాలుగు', 'చావు' దాదాపు ఒకేలా పలుకుతాయి. చావు అంకెను గోడ మీంచి చెరిపేస్తే చావు దారి తప్పుతుందని మా జియాయీ ఊరివాళ్ళ నమ్మకం. కానీ వరసగా లెక్కపెట్టడం దానికీ వచ్చేమో... చెడ్డపేరు ఐదో మంచానికి వచ్చింది.

ఆ మంచం మీద పడుకున్నవాళ్ళ గుండె బాగానే ఉండేది. చీకటి పడ్డాక బీపీ జారడం మొదలయ్యేది. పక్క మంచానికి మారిస్తే తేరుకునేవారు! మార్చేలోపే పోతే... వెంటిలేటర్ గొట్టం తీశాక ఆ శవం ఛాతీలోంచి పొడుగ్గా ఒక నిట్టూర్పు. విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. గుండెల మీద ఏదో కూర్చుంటుందని చెప్పుకునేవారు.

మిషన్లు బుద్ధిగా ఉండాలని మేం అన్నిటి నెత్తినా 'బుద్ధిగా ఉండు' అనే పేరున్న ఆకుపచ్చ చిరుతిండి పాకెట్ పెడతాం. ఐదో మంచం వెంటిలేటర్‌కి మాత్రం, భయం కొద్దీ అందరికంటే పెద్దది తెచ్చి, దాని మొహానికే టేపు వేసి అంటించారు. తెర సగం మూసుకుపోయింది. పెట్టాక కదపకూడదు. కదిపితే మిషన్ అలుగుతుందట!

ఇది పెయ్‌జెన్ అక్క నాకు చెప్పిన సంగతి. మా వార్డులో పాత నర్సు. ఆవిడ దెయ్యాలంటే భయం లేదంటుంది గానీ మనుషులంటే మహా విసుగు.

ఆ రాత్రి ఐదో మంచం మీద కో జిన్‌ఫా అనే ముసలాయన ఉన్నాడు. పాలబొంత చేపల గంజి అమ్ముకునేవాడు. సిగరెట్లు ఆయన ఊపిరితిత్తుల్ని తినేశాయి. లోపలికెళ్ళిన గాలి బయటికి రావాలంటే యుగం పట్టేది. అలాంటివాళ్ళనే ఆ మూల మంచం మీద వేస్తాం.

బీపీ జారుతోంది... ఇంకా జారుతోంది...

"సెలైన్ ఎక్కించా. మందు పెంచా. స్కాన్‌లో గుండె బ్రహ్మాండంగా ఉంది. ఇంకేం చెయ్యమంటావు నన్ను?" అని పళ్ళు కొరికాడు డాక్టర్ షియే. రక్తంలో చెడుగాలి పెరిగిందని మిషన్ వేగం పెంచాడు. బీపీ మరింత పడింది.

"ముందు ఆ పాకెట్ తీయండి, తెరంతా కనబడుతుంది," అంది అక్క.

"ముట్టుకోకు! ఇప్పుడా దాన్ని కదిపేది?"

"మీరు చదివింది వైద్యమా, సోదె చెప్పడమా?"

డాక్టర్ వినలేదు. అక్కకి ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు ముసలాయన భార్య ఆకిమ్ మంచం దగ్గరికి వచ్చింది.

"ఇక చాలు డాక్టరు బాబూ," అంది గుసగుసగా. "ఒక్క ఊపిరి మిగిలుండగానే ఇంటికి పంపించెయ్యండి. బయట పోతే ఆత్మకి ఇల్లు తెలీదు. ఈయన అసలే సంతకెళ్ళి తప్పిపోయే రకం..."

డాక్టర్ తలొంచుకున్నాడు. అంబులెన్సు పిలిచారు. దారిలో చేత్తో నొక్కే గాలిబుడ్డి తగిలిద్దామని అక్క వెంటిలేటర్ గొట్టం ఊడదీసింది—

హా.........

పొడుగ్గా. ఆగకుండా.

ఆకిమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వదిలేసింది... ఈయన్ని వదిలేసింది..."

మానిటర్ మీద బీపీ ఎక్కుతోంది.

అక్క ఆగలేకపోయింది. ఆకుపచ్చ పాకెట్‌ను పట్టుకుని టేపుతో సహా పీకేసింది. కింద, తెర మీద, అప్పటిదాకా నడిచిన గీతలు ఇంకా చెరగలేదు. బయటికొచ్చే ఊపిరి గీత ఒక్కటీ సున్నా గీతను తాకలేదు. తాకేలోపే తర్వాతి ఊపిరి మొదలైపోయింది.

డాక్టర్ మొహం పాలిపోయింది. "పాతగాలి బయటికి రాకముందే కొత్తది తోశాం... ఛాతీ ఉబ్బిపోయి గుండెను నొక్కేసింది. గుండెకి రక్తం తిరిగి రావడానికే చోటు లేదు."

"మంచం మార్చేటప్పుడు గొట్టం తీస్తాంగా," అంది అక్క. "అందుకే తేరుకునేవాళ్ళు. గుండెల మీద కూర్చున్నది మనమే!"

అంబులెన్సును వెనక్కి పంపేశారు. మిషన్ వేగం తగ్గించారు. ముసలాయన బతికాడు, ఇప్పుడు గంజిలో ఉప్పెక్కువైందని పెళ్ళాం చేత తిట్లు తింటున్నాడు.

కథ బాగానే ముగిసిందనుకున్నా. "అయితే దెయ్యం లేదన్నమాట," అని నవ్వాను.

అక్క నవ్వలేదు.

"ఇదివరకు పోయినవాళ్ళు కూడా నిట్టూర్చారు కదే... ఆ గాలి బయటికి పోయాక వాళ్ళ గుండెలు మళ్ళీ కొట్టుకున్నాయేమో. నాకేం తెలుసు?"

"చూడలేదా?"

"నిట్టూర్పు వినగానే అందరం బయటికి పరిగెత్తేవాళ్ళం."