దొరకో టికెట్టు

"కుక్కకి టికెట్టు ఉండదండీ."

"ఉండకపోతే ఇప్పుడు చింపివ్వండి. ఊరికే రానీమని నేను అడగలేదే!"

గేటు దగ్గర రాజమోహన్ టికెట్ల పుస్తకం వెనక్కి పెట్టుకున్నాడు. ఆత్మకూరు బస్టాండు వెనక ఖాళీ జాగాలో కొత్తగా డేరా వేసిన టూరింగు టాకీసుకి యజమాని అతనే, మేనేజరు అతనే, ఆయిలింజను మొరాయిస్తే మెకానిక్కూ అతనే. కావలి పక్క పల్లెలో తన వాటా పొలం అమ్మి ప్రొజెక్టరు కొన్నాడు. తాగొచ్చే వాళ్లనీ, డేరా కింద దూరే వాళ్లనీ సంబాళించడం బాగానే తెలుసు. కుక్కని పక్కన కూచోబెట్టుకుని ఇంత నిబ్బరంగా వాదించే టీచరమ్మ మాత్రం ఇంతవరకూ తగల్లేదు.

"లోపలికొచ్చి మొరిగితే జనం నన్ను తిడతారు గదండీ!"

"మీ ఇంజను చప్పుడులో మా దొర మొరుగు వినబడుద్దా?"

వెనక వరసలో నిలబడ్డ వాళ్లు గొల్లుమన్నారు.

"పోనీ, ఎవర్నయినా కరిస్తే?"

"మా ఇస్కూలు పిల్లలు వాడి తోక పట్టుకుని ఊగుతారు. కరవాలంటే ఈపాటికి వాళ్లనే కరిచుండాల."

రాజమోహన్ కుక్క వైపు చూశాడు. అది తనకేమీ సంబంధం లేని గొడవన్నట్టు బస్టాండు వైపు చూస్తూ ఉంది. అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టే అనుకుని మొహం తిప్పుకున్నాడు. టీచరమ్మ ప్రమీల అది చూసేసింది.

"నేలకా, బెంచీకా?" అన్నాడు.

"నేలకే. బెంచీ ఎక్కితే దిగడు."

ఆ సాయంత్రం సినిమాలో దుర్మార్గుడు హీరోయిన్ చెయ్యి పట్టుకోగానే దొర లేచి నిలబడి తెర మీదికి ఒకటే మొరుగుడు. జనం ఈలలు వేశారు. "అట్టా గడ్డి పెట్టు వాడికి, అట్టా!" అని నేల మీది వాళ్లు అరిచారు. మర్నాడు టికెట్లు కొనేవాళ్లు సినిమా ఏదని అడగలేదు. "ఇయ్యాల దొర వస్తాడా?" అని అడిగారు.

ఇంతకీ దొర మామూలు ఊరకుక్కే. గోధుమరంగు ఒళ్లు. నాలుగు కాళ్లకీ తెల్లటి మేజోళ్లు తొడిగినట్టు మచ్చలు. అందుకే ఆ పేరు. తెల్లదొరలు పోయి ఇన్నేళ్లయినా ఆత్మకూరులో ఒక దొర మిగిలే ఉన్నాడని తాలూకా కచేరీ గుమాస్తాలు నవ్వుకునేవాళ్లు. రోడ్డు మధ్యలో నడుస్తాడు. నెల్లూరు బస్సు హారను కొడితే ఆగి, వెనక్కి తిరిగి చూసి, అప్పుడు పక్కకు తప్పుకుంటాడు. పొద్దున ప్రమీలతో కలిసి బజారుకి పోతాడు. పాలు పోసే వెంగమ్మ తన చెంబులో అడుగున మిగిలింది వాడికి పోస్తుంది. తర్వాత బాలికల పాఠశాల వరండాలో పడుకుంటాడు. ఎక్కాలు మొదలైతే చెవులు ముడుచుకుంటాడు. సాయంత్రం గంట కొట్టగానే అందరికన్నా ముందు గేటు దగ్గరుంటాడు.

ప్రమీల తల్లి పోయి చాన్నాళ్లయింది. తండ్రి నారాయణయ్యకి మార్కెట్టు వీధిలో బట్టల కొట్టు. "ఆ కుక్క గడప తొక్కిందంటే నేనుండే వాణ్ణి కాను" అనేవాడు. అంటూనే పెరుగన్నం చివరి ముద్ద కలిపి, కూతురు లోపలికి పోయిందని రూఢి చేసుకుని, గడప అవతల పెట్టేవాడు. ఈ సంగతి కూతురికి తెలుసు. తెలుసని ఆయనకి తెలియదు.

టికెట్టు గొడవ తర్వాత దొరకి ఇంకో పని తగిలింది. డేరా ముందు దస్తగిరి పకోడీల పొయ్యి ఉంది. డేరా ఎక్కడికి పోతే దస్తగిరీ అక్కడికే పోతాడు. చీకటి పడేవేళకి దొర ఆ పొయ్యి పక్కన హాజరు. వాణ్ణి పిలుచుకుపోవడానికి ప్రమీల రావాలి. ఆమె వచ్చేవేళకి రాజమోహన్‌కి డేరా ముందరే ఏదో పనుండేది. కట్టిన తాడే మళ్లీ విప్పి కట్టేవాడు.

"ఆ తాడు నిన్న కూడా కట్టినట్టున్నారే?" అంది ప్రమీల ఒకరోజు.

"గట్టిగా ఉండాదో లేదో చూస్తన్నా."

"ఉండాదా?"

"తాడు గట్టిగానే ఉండాది. నా సంగతే చెప్పలేను."

ఆమె మొహమేమీ ఎర్రబడలేదు, తలా వంచుకోలేదు. "అయితే మీరు కూడా కట్టుకోండి, గాలికి ఎగిరిపోకుండా" అని దొరని పిలుచుకుని వెళ్లిపోయింది. దీపస్తంభం దాటాక మాత్రం నవ్వుకుంది. తోక ఊపింది దొరే అయినా, గంతులేసింది తన మనసని ఆమెకు తెలిసింది.

కబుర్లు పెరిగాయి. రీళ్లు ఎట్లా వస్తాయో అతను చెప్పేవాడు. పిల్లల అల్లరి గురించి ఆమె చెప్పేది. సినిమా పెళ్లితో ఆగిపోతుందేం, ఆ తర్వాత వంట ఎవరు చేశారో చూపించరేం అని ఆమె అడిగితే, "మా డేరాలో వంట నేనే" అన్నాడతను. మాటలన్నీ అయ్యాయి గానీ, చెప్పాల్సిన మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఈ కబుర్ల సంగతి నారాయణయ్య చెవిన పడింది. కూతుర్ని కూచోబెట్టి అడిగాడు.

"కులగోత్రాలు విచారించినానమ్మా. అన్నీ కలిసినయ్. డేరానే కలవలేదు. వానొస్తే యాడ తలదాచుకుంటారు? గుడ్డ కింద కాపురమేంది?"

"నువ్వు గుడ్డలమ్మే గదా నాయనా ఇల్లు కట్టినావు!"

ఆయనకి కోపమొచ్చింది. ఆ వారమే వింజమూరు నుంచి ఒక సంబంధం రప్పించాడు. పెళ్లికొడుక్కి రెండంతస్తుల మిద్దె, ధాన్యం వ్యాపారం. తాంబూలం పళ్లెం లోపలికి తెచ్చారు. పెళ్లికొడుకు తల్లి గడప బయట దొరని చూసింది.

"పెళ్లయినాక ఈ కుక్కని ఎవరికైనా ఇచ్చేస్తారు గదా?"

"ఇవ్వనండీ" అంది ప్రమీల.

"ఉద్యోగం?"

"అదీ మాననండీ."

పెళ్లికొడుకు నవ్వాడు. "అన్నీ ఉంచుకుంటే ఇంక నేనెందుకు?"

"నేనూ అదే ఆలోచిస్తా ఉండా" అంది ప్రమీల, చాలా మర్యాదగా.

తాంబూలం పళ్లెం ఎట్లా వచ్చిందో అట్లాగే బస్సెక్కింది. నారాయణయ్య రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. ఆమె కూడా ఆ రెండు రోజులూ డేరా వైపు పోలేదు. ఇంట్లో మంట చల్లారాక రాజమోహన్‌తో తనే మాట్లాడదామనుకుంది. మూడోరోజు సాయంత్రం వెళ్తే, బస్టాండు వెనక ఖాళీ జాగా ఖాళీగా ఉంది. గుంజలు పాతిన గుంతలు మిగిలాయి.

లైసెన్సు గడువు అయిపోయిందనీ, డేరా ఉదయగిరికి మారిందనీ సోడాబండి వాడు చెప్పాడు. ఎక్కడైనా కొన్ని నెలలే ఆడనిస్తారు, ఆ సంగతి ఆమెకు తెలియంది కాదు. తెలియంది, ఒక్క మాట చెప్పకుండా పోతాడని.

ఇంటికొస్తే దొర లేడు.

ఆ రాత్రి రాలేదు. పొద్దునా రాలేదు. బజారంతా వెతికారు. గడప తొక్కనివ్వనన్న నారాయణయ్య కొట్టు మూసేసి, చెరువు కట్ట వరకూ పోయి, "దొరా... ఒరే దొరా..." అని గొంతు పోయేట్టు పిలిచాడు. శనివారం రాత్రి ఆయన అన్నం ముందు కూచుని చివరి ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాడు.

"ఆ సినిమావాడే తీసకపోయుంటాడు" అన్నాడు.

ప్రమీలకి గుర్తొచ్చింది. 'మీ దొరని నాకిచ్చేయండి, గేటు దగ్గర పెట్టుకుంటా' అని రాజమోహన్ నవ్వులాటకి అన్నాడొకసారి. నవ్వులాట కాదన్నమాట! చెప్పకుండా పోవడం, పైగా కుక్కని తీసకపోవడం!

ఆదివారం పొద్దున బస్సెక్కింది. ఉదయగిరిలో దిగేసరికి మధ్యాహ్నం. దుర్గం కొండ మీద మబ్బు కమ్ముకుని ఉంది. కొండ కింద మైదానంలో డేరా లేచి నిలబడింది. దాని ముందు దస్తగిరి పొయ్యి. పొయ్యి పక్కన, కడుపు పైకి పెట్టి, దొర.

నిచ్చెన మీద తాడు కడుతున్న రాజమోహన్ కిందికి చూశాడు. గబగబా దిగాడు.

"ఏందండీ మేనేజరు గారూ, ఇట్టాంటి పని చేసినారు? మా కుక్కని ఎత్తకొస్తారా?"

"నేనా? సగం దారి వచ్చినాక చూస్తే మా సామాన్ల ఎడ్లబండి కింద నీడలో నడుస్తా ఉండాడు! పొద్దున బస్సు డ్రైవరుతో కబురు పంపినానే, అందలేదా?"

"నేను అప్పటికే ఎదురు బస్సులో ఉండా."

"అయితే నా తప్పేముంది?"

"కుక్క సంగతి వదిలేయండి. చెప్పకుండా వచ్చేసినారే, దాని సంగతి చెప్పండి."

రాజమోహన్ చేతిలోని తాడు వంక చూశాడు. "వింజమూరు సంబంధం ఖాయమైందని దస్తగిరి చెప్పినాడు. ఇంక నేనొచ్చి చెప్పేదేముంది?"

ప్రమీల పొయ్యి వైపు తిరిగింది. దస్తగిరి చట్టి పక్కన పెట్టాడు. "తాంబూలం లోపలికి పోవడం ఈ కళ్లతో చూసినానమ్మా!"

"బయటికి రావడం చూళ్లేదా?"

"అప్పుడు ఉల్లిపాయలకి పోయినా" అన్నాడు దస్తగిరి చిన్నగా.

రాజమోహన్ మొహంలోకి వెలుగు రావడం ప్రమీల చూసింది. ఎప్పట్లా మొహం తిప్పుకోలేదతను. ఆమె కోపం కూడా ఎటు పోయిందో తెలియలేదు. అయినా గొంతు తగ్గించలేదు.

"దొర దస్తగిరి పకోడీల కోసం వచ్చినాడు. నేను దొర కోసం పోతన్నానని ఇంట్లో చెప్పినాను. బస్సెక్కినాక తెలిసింది, నాయనకి అబద్ధం చెప్పినానని."

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "అయితే... నేను..."

"మీరు మాట్లాడాల్సింది మా నాయనతో. నాతో అయిపోయింది."

దస్తగిరి ఉల్లిపాయలు తరుగుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల ఘాటే అన్నాడు తర్వాత.

సాయంత్రం ఆటకి మంచి చోటు పట్టుకోవాలని పొద్దు వాలకముందే ఆడవాళ్లూ పిల్లలూ డేరా లోపల చేరారు. అప్పుడు దిగింది కొండ మీంచి గాలి. వెనకే వాన. ఒక్క ఊపుకి డేరా రొమ్ము విరుచుకుని లేచింది. నడిమి గుంజ పక్కకి ఒరిగింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

రాజమోహన్ పరిగెత్తి గుంజకి భుజం ఆనించాడు. "ఎవరూ తోసుకోబాకండి! టీచరుగారూ, పిల్లల్ని ఆ పక్క సత్రంలోకి!"

ప్రమీల కొంగు బిగించింది. పాఠశాల గొంతుతో ఒక్క అరుపు అరిచింది. "అందరూ చేతులు పట్టుకోండి! వరసగా రండి!" అరిచేవాళ్లు కూడా ఆ గొంతుకి వరసలో పడ్డారు. ఒక్కొక్క వరసే బయటికి తీసుకుపోయి సత్రం వరండాలో దించింది.

"ప్రొజెక్టరు తడస్తా ఉండాది సార్!" అని దస్తగిరి తాడు పట్టుకునే అరిచాడు.

"తడవనీ! ముందు మనుషులు!" అన్నాడు రాజమోహన్. అతని బతుకంతా ఆ పెట్టెలోనే ఉంది. అయినా గుంజ వదల్లేదు.

ఆఖరి పిల్ల బయటపడ్డాక ప్రమీల వెనక్కి పరిగెత్తుకొచ్చింది. ముగ్గురూ కలిసి గుంజని నిలబెట్టి, తాళ్లు బిగించారు. గాలి తగ్గింది. అప్పుడు చూశారు ప్రొజెక్టరు వైపు. దాని మీద ఒక టార్పాలిను కప్పి ఉంది. టార్పాలిను కింద ఎవరో కూచుని ఉన్నారు.

"ఎవరయ్యా అది?" అన్నాడు రాజమోహన్.

టార్పాలిను లేచింది. లోపల నారాయణయ్య. ఒక చేత్తో ప్రొజెక్టరునీ, ఇంకో చేత్తో దొర మెడనీ గట్టిగా వాటేసుకుని ఉన్నాడు.

"నాయనా! నువ్వెప్పుడొచ్చినావు?"

"తర్వాత బస్సులో. ఇంట్లో ఒక్కణ్ణీ ఎట్టా కూచోమంటావు? ఉరుముకి భయపడి వీడు ఈ మిషను బల్ల కిందికి దూరినాడు. వీడి కోసం నేనూ దూరినాను. దూరినాక ఇది తడస్తా ఉంటే చూస్తా ఊరుకుంటానా?"

నారాయణయ్య లేచి పంచె పిండుకున్నాడు. రాజమోహన్ భుజం తోలు చెక్కుకుపోయి ఎర్రగా ఉంది. దాన్ని చూశాడు. సత్రం వరండాలోంచి తొంగి చూస్తున్న పిల్లల్నీ చూశాడు.

"వానొస్తే ఏం చేస్తారని అడుగుదామనుకున్నానబ్బాయ్" అన్నాడు. "చూసినాను గదా. ఇంక అడిగే పని లేదు."

"ఆమె ఉద్యోగం ఆత్మకూరులోనే చేసుకుంటాదండీ" అన్నాడు రాజమోహన్. "నేను తిరిగేది ఆత్మకూరు, వింజమూరు, ఉదయగిరి. బస్సులు ఉండాయి. డేరా యాడుండినా వారానికొకసారి ఇల్లు చేరతాను. నాలుగేళ్లు కష్టపడితే రేకుల హాలు కడతాను."

"కట్టకపోతే?"

"నేను కట్టిస్తాను నాయనా" అంది ప్రమీల.

నారాయణయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూ ఇద్దరే" అన్నాడు. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆయన నోట ప్రమీల పుట్టాక వినలేదు. దస్తగిరి వేడివేడిగా పకోడీలు తెచ్చి, మొదటి పొట్లం పెద్దాయన చేతిలో పెట్టాడు.

ఆత్మకూరు పోయే ఆఖరి బస్సు బయల్దేరింది. కిటికీ పక్కన ప్రమీల, పక్కన నారాయణయ్య, ఆయన కాళ్ల దగ్గర దొర. రాజమోహన్ బురదలో బస్సు వెంబడి నాలుగడుగులు పరిగెత్తాడు.

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"శనివారం!"

నారాయణయ్య ఉలిక్కిపడ్డాడు. "శనివారమేంది? ముహూర్తమన్నా పెట్టకుండా ఆడపిల్ల ఊరికే వస్తా పోతా ఉంటాదా?"

"అయితే ఈలోపల పెట్టించు నాయనా" అంది ప్రమీల.

బస్సంతా ఒకసారి నవ్వింది. నారాయణయ్య నవ్వకూడదని చాలా సేపు కష్టపడి, మలుపు తిరిగాక ఓడిపోయాడు.