గోడ వైపు లెక్క

ముందు మీరు చెప్పండి, ఏం చూశారు? బోధన్ రోడ్డు మీది మా ప్రయోగశాలలో ఆ చీకటి గదిలోకి తొంగిచూసిన వాళ్లే కదా. ఖాళీ గది అంటారా? నాకూ ఖాళీగానే కనిపించింది. అందుకే అడుగుతున్నాను.

పంతొమ్మిది వందల డెబ్బై మూడు, చెరకు ఆడే కాలం. గాలంతా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. నేను ఎడపల్లి చెరకు బండ్ల వెనక నడిచి, తూకాల దగ్గర మోసపోయి, తిట్లు తిని చదువుకున్నవాణ్ణి. ఎవరి లెక్కా ఊరికే నమ్మను.

నక్షత్రాల నుంచి వచ్చే మెత్తని ఎక్స్‌రే కిరణాలు ఏ దిక్కుకు కంపిస్తున్నాయో పట్టే డిటెక్టర్‌ను మా ప్రయోగశాల మెకానిక్ అయ్యూబ్ తయారు చేశాడు. పరీక్ష సులువే. మా దగ్గరున్న కిరణం అన్ని దిక్కులా ఒకటే. డిటెక్టర్‌ను చుట్టూ తిప్పితే ప్రతిచోటా ఒకే లెక్క రావాలి. అయ్యూబ్ లోపల తిప్పుతాడు. నేను తలుపు బయట కూర్చుని స్పీకర్‌లో డిటెక్టర్‌కు కిరణం తగిలినప్పుడల్లా మోగే టిక్కులు లెక్కపెడతాను. ఆ కిరణం ఎంత మెత్తనిదంటే అరచేయి అడ్డం పెడితే ఆగిపోతుంది. అదే మా గుర్తు. టిక్కులు రెండుసార్లు ఆగితే, ‘తిప్పిన, లెక్కపెట్టు’ అని.

గోడ వైపు తిప్పినప్పుడల్లా లెక్క పడిపోతోంది. మర్నాడు ఈ పరీక్ష చూడటానికి పట్నం నుంచి పెద్దసారు వస్తాడు. లెక్క కుదరకపోతే అయ్యూబ్ కొలువు పోతుంది.

“నీ చేతి పనిలనే వంకర ఉన్నదిరా,” అన్నాను.

“గిది చెరకు బండి తూకమా సార్, కాలు పెట్టి తొక్కెటందుకు?” తలుపు సందులోంచి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “గోడ పొంటి ఎవరో నిలవడ్డట్టున్నది. చేతికి సల్లగ తగుల్తున్నది.”

“సాకులు చెప్పకు.”

“అసర్ నమాజుకు పోయొస్త. ఎనుక తలుపుకు తాళమేసి పోత. గప్పటిదాంక ఆపుండ్రి.”

ఆపుదామనే అనుకున్నాను. కానీ టిక్కులు రెండుసార్లు ఆగాయి. ఇంకా పోలేదన్నమాట. లెక్కపెట్టాను. సరిగ్గా వచ్చింది. మళ్లీ రెండుసార్లు. మళ్లీ సరి. వరసలో చివరిది, గోడ వైపు కూడా... సరి.

ఇంతసేపూ వీడు నాతో ఆటలాడాడా? ఒళ్లు మండింది. తలుపు తీయబోయాను.

“ఏమైంది సార్?”

నా వెనక నుంచి. వరండా మెట్ల మీద అయ్యూబ్... తల మీద టోపీ. చేతిలో తాళంచెవి.

ఇద్దరం తలుపు తీసి చూశాం. ఎవరూ లేరు. వెనక తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల మడ్డి వాసన లేదు. అప్పుడే తవ్విన మట్టి వాసన...

గోడ దగ్గర నిలబడి కిరణానికి అడ్డమైనదేదో, అయ్యూబ్ లేవగానే వచ్చి అతని చోట కూర్చుంది. అందుకే గోడ వైపు అడ్డం తొలగింది. ఇంకేం అనుకోను?

తలుపు మూశాం. అయ్యూబ్ గుసగుసగా అన్నాడు. “రేపు పెద్దసారు ముంగట నేను తిప్పితే లెక్క తప్పుతది సార్. నేను బయటుంటే...”

స్పీకర్‌లో టిక్కులు ఆగాయి. మొదలయ్యాయి. మళ్లీ ఆగాయి. మొదలయ్యాయి.

అయ్యూబ్ నా మోచేయి పట్టుకున్నాడు.

మూడోసారి ఆగాయి. మా గుర్తులో మూడోది లేదు. ఈసారి అడ్డం పెట్టిన చేయి తీయలేదు, టిక్కులు మళ్లీ మొదలు కాలేదు...

మీరైతే మర్నాడు అయ్యూబ్‌ను ఆ గదిలోకి పంపేవారా?