ఎదురుతొక్కుడు

సొరంగం దాటగానే మాబున్నీ పెడళ్ల మీంచి కాళ్లు తీసేసింది. ఇక మూడు కిలోమీటర్లు జారుడే. ఒకప్పుడు గూడ్సుబండ్లు కీచుమంటూ దిగిన నల్లమల వాలు ఇది. పట్టాలు పీకేశాక సైకిళ్లకు దక్కింది. బాట తనిఖీ ఆమె ఉద్యోగం. నుదుటి మీది చూపుపట్టీ పగుళ్లూ గుంతలూ కొలుస్తోంది. తొమ్మిదేళ్లయినా మొదటి మలుపులో ఆమె ఈల వేయకుండా దిగలేదు. పట్టీ దాన్ని రోజూ గాలిశబ్దం కింద రాసుకుంటుంది.

వాలు మధ్యలో పాత గేటు గది. అందులో ఓబులమ్మ ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. బేరమంతా బాట ఉద్యోగులదే. రెక్కలొచ్చినట్టు దిగే యాత్రికుడు బజ్జీ కోసం బ్రేకు వేయడు కదా. ఈ చిన్న సంగతి బాటను నడిపే యంత్రబుద్ధి దారిమతికి తెలియదు. దాని కొత్త నియమం ప్రకారం, నెల రోజులు ఒక్క ఆగుడూ లేని బాట ముక్క జనానికి నచ్చనట్టే. ఉద్యోగుల ఆగుడు చెల్లదు. ఇవాళ్టితో నెల నిండింది. నాలుగింటికి సొరంగం ముందు గేటు పడుతుంది, దారి అడవిలోకి మళ్లుతుంది, ఓబులమ్మ గది మూతపడుతుంది.

"ఇంక రెండు గంటలే ఉండేదవ్వా," అంది మాబున్నీ సైకిలు దిగి. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"పోతే పోనీలే పాపా. ఇన్నేండ్లు వాళ్లు జారిపోయేది సూసుకుంటా కూచుంటి. నేనొక పారన్నా జారింది లేదు."

మాబున్నీ సైకిలు వెనక్కి తిప్పింది. హ్యాండిల్ వణికింది.

"ఈ బాట ఏకదిశ. ఎదురుతొక్కుడుకు మోటారు సాయం ఉండదు," అంది హ్యాండిల్‌లోంచి దారిమతి.

"నీ సాయం ఎవురడిగినారు?"

ఇద్దరూ సైకిలు తోసుకుంటూ ఎక్కారు. సొరంగం దగ్గర, అప్పుడే బయటికొచ్చిన పదిమంది యాత్రికులు వాళ్లను వింతగా చూశారు. ఓబులమ్మ కొంగు బిగించి వెనక సీటెక్కింది. మొదటి మలుపులో "మెల్లగ" అన్న మనిషి రెండో మలుపులో "ఇంగా వదులు" అంది. గది దాటి, వాలు చివరిదాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వెంటే పదిమందీ దిగారు.

"ఇంగొక పారి," అంది ఓబులమ్మ.

ఈసారి యాత్రికులు కూడా సైకిళ్లు తిప్పారు. పదీ వణికాయి, పదీ హెచ్చరించాయి, ఎవరూ వినలేదు. కిలోమీటరున్నర ఎదురు తోసేసరికి అందరికీ ఆయాసం, ఆకలి. గేటు గది గోడకు ఒకటొకటిగా సైకిళ్లు ఆన్చారు. ఓబులమ్మ గబగబా పొయ్యి వెలిగించింది.

నాలుగవడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. దారిమతి గొంతు మొదటిసారి తడబడింది.

"ఆగుళ్లు పది. కానీ దిశ తప్పు. ఏది నమోదు చేయాలి?"

"రెండూ రాసుకో," అంది మాబున్నీ, నోటినిండా బజ్జీతో.

నాలుగైంది. సొరంగం ముందు గేటు సగం దిగి ఆగిపోయింది. దాని కిందనుంచి తలలు వంచుకుని ఇంకో ఇద్దరు వచ్చేశారు.