అరువు చూపు

ఆ ఫొటో స్టూడియో మేడమీది రెండు గదుల్లో ఉండేది. ముందుగదిలో అక్క ఫొటోలు తీసేది, వెనకగదిలో చెల్లెలు వాటిని దిద్దేది. తెరమీది రంగులు వెలవెలబోకుండా వెనకగది కిటికీకి నల్లగుడ్డ వేలాడదీసి ఉంచడంచేత, నడిమధ్యాహ్నం కూడా అక్కడ మునిమాపు వేళలా ఉండేది. ఆ మసకలో, బల్లకింద, పదమూడేళ్ళ నాటి కంప్యూటర్ ఒకటి ఉబ్బసపు రోగిలా ఎగశ్వాస తీస్తూ పనిచేసేది.

"దీన్ని వదిలించుకుని కొత్తది కొందామే," అనేది అక్క. "ఒక్క ఫొటో తెరుచుకునేలోపు నేను స్నానం చేసి రావచ్చు."

"నీ స్నానం గంటసేపు. అంత ఆలస్యమేం చెయ్యదులే పాపం," అనేది చెల్లెలు. "కాస్త ర్యామ్ పెంచి, డిస్కు మార్పిస్తే చాలు."

"ముసలాయనకి పళ్ళు కట్టిస్తే కుర్రాడైపోతాడా?"

ఈ వాదం రెండేళ్ళుగా తెగలేదు. తెగనివ్వనిది చెల్లెలే. అందుకు కారణం ఆ యంత్రం లోలోపల, మరెవరూ తెరవని మూలన ఉన్న ఒక ఫోల్డర్. దాని పేరు 'కళ్ళు'.

పోయినవారి పటం కట్టించుకోవాలని వచ్చేవారిలో చాలామంది దగ్గర మంచి ఫొటో ఉండదు. ఉన్న ఒక్కదానిలోనూ ఆ మనిషి కళ్ళు మూసుకునో, మసకబారో ఉంటాడు. "ఎలాగైనా కళ్ళు తెరిపించమ్మా," అని బతిమాలుతారు. లేని కళ్ళు ఎక్కడినుంచి తేవాలి? అక్కకు ఒక అలవాటు ఉంది. రోజూ మొదటి గిరాకీ రాకముందు, దీపాల వెలుగు సరిచూడడానికి తానే స్టూలుమీద కూర్చుని చెల్లెలిచేత ఒక ఫొటో తీయించేది. ఒకనాడు ఎడమకు చూసేది, ఒకనాడు నేలకు, ఒకనాడు తిన్నగా. ఆ నేత్రాలనే చెల్లెలు పదిలంగా దాచింది. వయసుకు తగిన ముడతలు చేర్చి, రెప్పల బరువు మార్చి, పన్నెండేళ్ళలో నాలుగువందలమందికి పైగా మృతులకు వాటిని అమర్చింది. "అచ్చం మా నాన్న చూసినట్టే ఉంది!" అని పటం చూసి భోరుమన్నవారే గాని, అనుమానపడినవారు లేరు. అక్కకు మాత్రం ఆమె ఆ సంగతి చెప్పలేదు. మొదట్లో సిగ్గువల్ల, తరువాత ఆలస్యమైపోయినందువల్ల.

మూడు వారాలుగా అక్క చూపు తడబడుతోంది.

"రెప్ప మూసి తెరిచేలోపు ఇంకెక్కడో ఉంటున్నానే," అంది ఒకరోజు, గొంతు తగ్గించి. "ఎవరిదో ఇల్లు. నేను గోడకి ఆనుకుని, పైనెక్కడో ఉన్నట్టుంటుంది. మధ్యలో అద్దం. కింద వాళ్ళు అన్నం తింటుంటారు. ఒక్కరూ తలెత్తరు."

కంటివైద్యుడు దీపం వేసి చూసి, ఏ దోషమూ లేదన్నాడు. అక్క నవ్వలేదు. "ఫొటోలు తీసేదానికి చూపు పోతే ఇంకేం మిగులుతుందే?" అని మాత్రం అడిగింది.  అక్క చూపు ఎటో వెళ్ళిపోయిన ప్రతిసారీ, వెనకగదిలో కంప్యూటర్ కూడా స్తంభించిపోతోందని చెల్లెలు అప్పటికే గమనించింది. గమనించనట్టు ఉండిపోయింది.

ఆరోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. గిరాకీలు లేరు. వీధివారందరూ డాక్టరని పిలిచే మెకానిక్ వచ్చి, తన అలవాటు ప్రకారం కంప్యూటర్ పెట్టెకు చెవి ఆనించాడు.

"డాక్టరుగారూ, నాడి దొరికిందా?" ముందుగదిలోంచి అక్క కేకేసింది.

"నాడి ఉందమ్మా. అదే నా బాధ. ఎవరూ పని చెప్పకుండానే ఇది పనిచేస్తోంది!" అతడు చెల్లెలికి తెర చూపించాడు. "ఈ 'కళ్ళు' ఫోల్డర్ మీరు తెరిచారా? లేదు కదా. మరి ఇందులో బొమ్మలన్నీ ఒకదాని తరవాత ఒకటి వాటంతటవే తెరుచుకుంటున్నాయి చూడండి. ఆగకుండా. నిదానం కాక ఏమవుతుంది?"

చెల్లెలు ముందుగదివైపు ఒకసారి తొంగిచూసింది.

"డిస్కు చివరిదశలో ఉంది. ముందు సరుకంతా కొత్త డిస్కులోకి దించుతా. దాన్ని ఇందులోనే వెయ్యమన్నా వేస్తా, కొత్త కంప్యూటర్ కొంటే అందులో వేస్తా. ఏది కావాలో ఇవాళైనా తేల్చుకోండి." కాపీ మొదలుపెట్టి, ర్యామ్ తెస్తానని అతడు కొట్టుకు వెళ్ళాడు.

తెరమీద పచ్చని గీత మెల్లగా పాకింది. సగంలో ఆగింది.

టిక్... టిక్... అని లోపలెక్కడో చిన్న చప్పుడు. కంప్యూటర్ పంకా నిలిచిపోయింది. కాలిన దుమ్ము వాసన. ముందుగదిలో అంతవరకు వినిపిస్తున్న కూనిరాగం కూడా ఆగింది.

"అక్కా?"

అక్క స్టూలుమీద నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు విప్పారి ఉన్నాయి. రెప్ప పడడం లేదు. అనిమిషత్వం దేవతలకు శోభ కావచ్చు. రక్తమాంసాల మనిషిలో అది చూడరానిది. ఆ కళ్ళు ఎర్రబారి, నీరు చెంపలమీదికి ధారకట్టింది.

"అన్ని ఇళ్ళూ... ఒక్కసారే కనిపిస్తున్నాయే," అంది అక్క గుసగుసగా. పెదవులు తప్ప ఏదీ కదలడం లేదు.

"ఎన్ని?"

"లెక్క లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ తలెత్తలేదు. ఇప్పుడు అందరూ... అందరూ నావైపే చూస్తున్నారు. ఒక పిల్ల అడుగుతోంది... తాతయ్య ఫొటోలో ఎందుకు ఏడుస్తున్నాడని."

చెల్లెలికి అంతా తెలిసిపోయింది. పాతదానికి మరమ్మతు చేయించినా, దాన్ని పారేసి కొత్తది కొన్నా, ఆ కళ్ళు కొత్త డిస్కులో మరో పదేళ్ళు తెరుచుకునే ఉంటాయి. అక్క చూపు అక్కది కాకుండానే ఉంటుంది. వెనకగదికి పరుగెత్తింది. కాపీ ఆపింది. కొత్త డిస్కులోకి వెళ్ళిన బొమ్మలను తుడిచేసింది. పాత ఫోల్డర్‌మీద మౌస్ నిలిపింది.

శాశ్వతంగా తొలగించాలా? అని అడిగింది యంత్రం.

నాలుగువందల ఇళ్ళ గోడలు ఒక్క క్షణం ఆమె కళ్ళముందు మెదిలాయి. అవునని నొక్కింది.

"ఒకటి ఆరిపోయింది," అంది ముందుగదిలోంచి అక్క గొంతు. "ఇంకోటి... ఇంకోటి... ఎవరో దీపాలు ఊదేస్తున్నట్టుందే..."

తెరమీది అంకె తరుగుతూ వచ్చింది. నూరు. ముప్ఫై. ఏడు. సున్న. చెల్లెలు ఇంకా నమ్మకం చాలక, బల్లకిందికి దూరి గోడనుంచి ప్లగ్గు లాగేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైంది.

ఆమె వెళ్ళేసరికి అక్క రెప్పలు వాలిపోయి ఉన్నాయి. చెల్లెలు ఆమె ఎదుట మోకాళ్ళమీద కూలబడి, రెండు చేతులూ పట్టుకుని, ఏళ్ళ తరబడి దాచినదంతా చెప్పేసింది.

"పిచ్చిదానా," అంది అక్క, కళ్ళు తెరవకుండానే. పెదవిమీద అలసిన నవ్వు. "ముందే చెబితే రాత్రుళ్ళు కాస్త బాగా నిద్రపోయి, మంచి కళ్ళిచ్చేదాన్ని కదే!"

చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. "ఇప్పుడు హాయిగా ఉందా?"

"ఉంది. అన్నీ ఆరిపోయాయి."  నవ్వు మెల్లగా చెరిగిపోయింది. "ఒక్కటి తప్ప."

"...ఏ ఇల్లు?"

"ఇల్లు కాదు. గది. ఒక స్టూలుంది. దానిమీద ఎవరో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఎదురుగా మోకాళ్ళమీద ఒకామె. నాకు వీపే కనిపిస్తోంది. జడ ఊడిపోయింది."

చెల్లెలి చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వెళ్ళింది. జుట్టు వీపంతా పరుచుకుని ఉంది.

ఆమె వెనక ఉన్నది ఉత్త గోడ. కిందటి నెలలోనే తెల్లరంగు వేయించారు. దానిమీద పటం లేదు. అద్దం లేదు. మేకైనా లేదు. కెమెరా బీరువాలో, తాళం వేసి ఉంది.

తిరగకూడదనుకుంది. తిరిగింది... మెల్లగా.

తెల్లటి గోడ. అంతే.

వెనకనుంచి, మూసిన కళ్ళతోనే, అక్క నెమ్మదిగా అంది.

"ఆఁ... ఇప్పుడు నీ మొహం కనిపిస్తోంది."