చెవి తుంచిన పొట్లం

"పరుశురామన్నకు మందు పెట్టిండ్రు సార్. జల్ది రండ్రి."

2011 జనవరి. ఉదయం 8.40. ఫోనెత్తిన కానిస్టేబుల్‌కు గోలలో ‘మందు’ ఒక్కటే వినబడింది. మందంటే తాగేవాడికి ఒకటి, మింగేవాడికి ఒకటి, పేల్చేవాడికి ఇంకొకటి. అసలే తెలంగాణ ఉద్యమం రోజులు. అతను మూడోదే రాసుకున్నాడు.

దాంతో యూనివర్సిటీ హాస్టల్‌కు ముందు బాంబ్ స్క్వాడ్ వచ్చింది. వెనక కుక్క వచ్చింది. ఆ వెనక ఇన్‌స్పెక్టర్ పేరయ్య వచ్చాడు. పేరులో తప్ప సర్వీసులో ఎక్కడా పేరు రాని మనిషి.

గదిలో బాంబు లేదు. విద్యార్థి నాయకుడు పరుశురాం మంచం మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఊపిరి నిదానంగా ఆడుతోంది. బల్ల మీద విప్పిన కాగితం పొట్లం. మడతల్లో తెల్లటి పొడి. కాగితానికి ఒక మూల లేదు. ఎలుక కొరికిందన్నాడు కానిస్టేబుల్. పక్కనే తార్నాకలోని డాక్టర్ వనజ క్లినిక్ కవరు.

ఫోన్ చేసింది రూమ్మేట్ సత్తయ్య. నిన్న సాయంత్రం పరుశురాం జ్వరమంటే, తనే వాళ్లక్క వనజ దగ్గరికి వెళ్లి కవరు తెచ్చానన్నాడు. విప్పి చూడలేదట. అక్కాతమ్ముళ్లకు ఆరేళ్లుగా మాటల్లేవు. ఆమె కోస్తా అబ్బాయి రవికాంత్‌ను చేసుకుంది. ఇతను పెళ్లికి వెళ్లలేదు. ఎంబీబీఎస్ కూడా మధ్యలో వదిలేసి ఉద్యమంలోకి దూకాడు.

పది గంటలకు పరుశురాం ముందు నడవాల్సిన అసెంబ్లీ ఊరేగింపు క్యాంపస్ గేటే దాటలేదు. పన్నెండింటికి క్లినిక్ షట్టర్ మీద నల్లరంగుతో రెండు మాటలు వెలిశాయి.

వనజ ద్రోహి.

ఒంటిగంటకు ల్యాబ్ రిపోర్ట్. నిద్రమందు. ప్రాణం తీసేంత కాదు. రెండింటికి పరుశురాం ఆసుపత్రిలో కళ్లు తెరిచాడు. అక్క పంపిన పొట్లమేనని, జ్వరం మందనుకుని మింగానని స్టేట్‌మెంట్ ఇచ్చాడు.

ఇక వనజ అరెస్టే మిగిలింది.

పేరయ్య సగం దించిన షట్టర్ కింద వంగి క్లినిక్‌లోకి దూరాడు. వనజ ఏడవడం లేదు. తను పంపింది మాత్రల స్ట్రిప్ అని, నాన్న ఇన్నయ్య డాక్టర్ పోయాక ఇక్కడ పొట్లాలే కట్టలేదని చెప్పింది.

"ఆరేండ్లకు తమ్ముడు మందడిగిండు సార్. గంతే చాలనుకున్న."

ఆమె పక్కన ఆయా రాములమ్మ. ముప్పై ఏళ్లుగా అక్కడే పని. పేరయ్య ప్లాస్టిక్ సంచిలోని పొట్లం చూపించగానే అడిగింది.

"నిద్రమందా సారూ?"

ల్యాబ్‌కు నాలుగు గంటలు పట్టిన మాట. ఆమెకు నాలుగు క్షణాలు పట్టలేదు.

"నీకెలా తెలుసమ్మా?"

"చెవి తుంచి ఉన్నది గద. కరెంటు పోయినా చేతికి తెల్వాలని పెద్ద డాక్టరు నిద్రమందు పొట్లానికి మూల తుంచేటోడు. పిల్లలిద్దరికి గదే నేర్పిండు. మర్చిపోతే వాళ్ల చెవులు మెలేసేటోడు."

పేరయ్య నేరుగా హాస్టల్‌కు వెళ్లి పరుశురాం పరుపు ఎత్తించాడు.

సాయంత్రం 5.30. ఆసుపత్రి గది. వనజ, రవికాంత్, రాములమ్మ, సత్తయ్య మంచం చుట్టూ నిలబడ్డారు.

"మీ నాన్నగారు నీ చెవి ఎన్నిసార్లు మెలేశారు బాబూ?"

పరుశురాం చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది.

"అయితే ఈ మూల ముట్టుకోగానే నీకు తెలిసుండాలి. జ్వరం మందని ఎలా మింగావు?"

పరుశురాం ఆ చెయ్యి దించి దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"మోసం చేసే మనిషి మూల తుంచదు. మీ అక్కే కట్టిందనుకున్నా, నువ్వు తెలిసే మింగావు. కానీ ఆవిడ పంపిన స్ట్రిప్ నీ పరుపు కింద ఉంది. ఒక్క మాత్రా తీయలేదు. నిద్రమాత్రలు నూరి పొట్లం కట్టింది నువ్వు. బుర్ర మోసం చేసింది. చెయ్యి మాత్రం నాన్న మాట విన్నది."

కాల్ లిస్టు ప్రకారం నిన్న మధ్యాహ్నం ఒకసారి, ఈ పొద్దున 7.50కి ఇంకోసారి పరుశురాం సెల్‌కు ఒక నాయకుడి ఇంటి నుంచి కాల్ వచ్చింది. ఎందుకని పేరయ్య అడిగాడు. పరుశురాం గోడ వైపు తిరిగాడు. ఊరేగింపు ఆపితే ఎలక్షన్లలో టికెట్టు ఇస్తామన్నారని, ఆంధ్రా కోడలు కాబట్టి అక్క మీద నెపం వేస్తే అందరూ నమ్ముతారనుకున్నానని గొణిగాడు.

"పొద్దున మావాడు బాంబనుకున్నాడు. మీరు విషమనుకున్నారు," అన్నాడు పేరయ్య. "అది ఉత్త నిద్ర. పేలింది మాత్రం ఇప్పుడే."

వనజ మంచం దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ తమ్ముడి మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టింది.

"నాడి మంచిగనే ఉన్నది."

చెయ్యి వదిలేసి సత్తయ్య వైపు తిరిగింది.

"షట్టర్ మీద పేరొక్కటి మార్చుండ్రి. రెండో మాట అట్లనే ఉండనీ."