ఎండలో పెట్టిన కుండీ

"ఏయ్! వాటిని పారేస్తున్నావేంటి? పసిమొక్కలు!"

ల్యాబులో మొలిపించిన మొక్కల సీసాల ట్రే పట్టుకుని, మా ఆర్కిడ్ తోట షెడ్డు గుమ్మంలోంచే అరిచాడు ఉథాయ్. మా మేనకోడలు కన్నిక తలెత్తనే లేదు. సీసాలోంచి తీసిన ఆర్కిడ్ మొక్కలు వేలెడు కూడా లేవు. వాటిని కడిగి రెండు బుట్టల్లో వేస్తోంది.

"ఓనరుకి తెల్లపూలు కావాలట. వేరు కొసలో ఎరుపున్నవి ఊదాపూలే పూస్తాయి. ల్యాబువాడివి, నీకు తెలీదా?"

"తెలుసు. తెలిస్తే మాత్రం జాలి ఉండకూడదా?"

"అంత జాలుంటే ఇంటికి పట్టుకుపో!"

నిజంగానే పట్టుకుపోయాడు. ఎర్రవేళ్ళ బుట్ట మొత్తం మోటార్‌సైకిల్ మీద కట్టుకుని!

"మామా, వీడికేమైనా పిచ్చా?" అంది కన్నిక.

"పిచ్చే. ఏ రకమో మొలకలోనే తెలిసిపోతోందిగా. వాడి చెవులు చూడలేదూ, ఎంత ఎర్రగా ఉన్నాయో?"

తడిచేత్తో నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఇసుక పడవ మీద పనిచేసే దాని మొగుణ్ణి థాచీన్ ఏరు మింగేశాక, అది నన్ను కొట్టడం మళ్ళీ అదే మొదలు. దెబ్బ తిని అంత సంతోషపడినవాణ్ణి నేనే అయ్యుంటాను.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు ఉథాయ్ కన్నికని పెళ్ళికి అడిగేశాడు. నేను పక్కనే కొబ్బరిపీచు కోస్తున్నా, నన్నొక స్తంభం కింద లెక్కేసి.

"నోటితో చెప్పక్కర్లేదు కన్నికా. ఒక మొక్కియ్యి చాలు. ఎరుపున్నదిస్తే సరే అన్నట్టు. పచ్చదిస్తే ఇంకెప్పుడూ అడగను."

చాలాసేపు వెతికింది కన్నిక. చివరికి చేతిలో పెట్టింది పచ్చటి పచ్చ, చుక్క ఎరుపు లేనిది.

వాడు వేరు చూశాడు. ఆకు తిప్పి చూశాడు. నవ్వబోయి, నవ్వు కుదరక, "తెల్లపువ్వూ పువ్వేగా" అన్నాడు. దాన్ని చిన్న కుండీలో నాటి మా షెడ్డులోనే నీడన పెట్టాడు. మాట మీద నిలబడ్డాడు, మళ్ళీ అడగలేదు. సీసాలు తెచ్చినప్పుడల్లా ఆ కుండీని మాత్రం చూసి వెళ్ళేవాడు.

మరో ఏడు గడిచాక ఒక పొద్దున చూద్దును కదా, కుండీ ఎర్రటెండలో ఉంది. అక్కడ పెట్టింది కన్నికే. మధ్యాహ్నం ఉథాయ్ వచ్చి నీడకి మార్చాడు. మర్నాడు మళ్ళీ ఎండలోకి. ఎండకి ఆకులు ఎర్రబడసాగాయి, సిగ్గుపడ్డ పిల్ల బుగ్గల్లాగా.

నేనాగలేక చెప్పేశాను. "ఒరేయ్, రోజూ ఎండలో పెడుతోంది కన్నికేరా. నీకోసమే!"

"మామా, నాకు లాటరీ తగిలిందన్నావు. ఓనరు కూతురు నన్ను అడిగిందన్నావు. అన్నీ నీ వేళాకోళాలే. ఇంక నీ బుట్టలో పడను."

ఒట్టేశాను. దానికింకా నవ్వాడు.

తర్వాత చియాంగ్ మాయ్‌లో పెద్ద ల్యాబులో పని దొరికిందన్నాడు. వెళ్ళేరోజు కొబ్బరిపాల మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు. పొద్దుటినుంచీ ఒకటే ముసురు.

"కుండీ జాగ్రత్త కన్నికా. ఎవరో రోజూ ఎండలో పెట్టి మాడుస్తున్నారు."

"ఎవరో కాదు. నేనే."

"నువ్వా? ఎండకి ఆకు ఎర్రబడితే పువ్వు రంగు మారుతుందా?"

"మారదు. పువ్వు కోసం ఎవరు పెట్టారు? ఎర్రబడ్డ ఆకు నీ కళ్ళ పడుతుందని పెట్టాను."

షెడ్డు కప్పు మీద వాన. ఉథాయ్ నా వైపు చూశాడు. నేను కొబ్బరిపీచు వైపు చూశాను.

"మరి నోటితో చెప్పొచ్చుగా?"

"నోటితో చెప్పక్కర్లేదన్నది నువ్వేగా."

వాడు గోడకి ఆనుకున్నాడు. "మొన్న పౌర్ణమికి అమ్మ చూసిన పిల్లకి నిశ్చితార్థం గొలుసు వేసొచ్చాను కన్నికా. నువ్వు ఇంక ఒప్పుకోవనుకుని..."

కన్నిక చేతిలో మొక్కని కడిగిందే కడిగింది.

"మంచి పిల్లేనా?"

"మంచిదే."

"అయితే ఏడిపించకు. కుండీ జాగ్రత్తలూ గిండీ జాగ్రత్తలూ మానేసి, ఆ పిల్ల మొహం చూడు ముందు. వెళ్ళు, బస్టాండుకి చేరేలోగా బస్సు పోతుంది."

వాడు నాకు చేతులు జోడించి, వానలోకి తల వంచుకుని వెళ్ళిపోయాడు. మోటార్‌సైకిల్ చప్పుడు కాలవ మలుపు దాటిపోయింది.

"మామా, ఏదైనా నవ్వొచ్చేది చెప్పు."

గుళ్ళో గురువుగారి చెప్పులు కుక్క ఎత్తుకుపోయిన కథ చెప్పాను. సగంలోనే నవ్వడం మొదలుపెట్టింది. కథ అయిపోయినా ఆపలేదు. నా భుజం మీది గళ్ళతుండు లాక్కుని మొహం అంతా కప్పేసుకుంది.

"ఇంకోటి చెప్పు మామా" అంది, తుండు తీయకుండానే.